బేస్‌బాల్ అభిమాని ఐస్ హాకీని కూడా ప్రేమించొచ్చా?

ఎన్నో ఏళ్లుగా బేస్‌బాల్ చూస్తున్నాను, ఇప్పుడు ఐస్ హాకీ మీదికి మనసు పోతోంది, పాత జట్టుకి అన్యాయం చేస్తున్నానా అని అడిగారు. చేయడం లేదు. కాకపోతే రెండింటి మీదా ఒకే రకం ప్రేమ ఉంటుందని అనుకోకండి.

నేను చదువుకోడానికి బోస్టన్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. క్రికెట్ చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి బేస్‌బాల్ తొందరగానే అలవాటైంది. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, అంటే దాదాపు రోజూ ఒకటి. రేడియోలో మా ఊరి బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ కామెంటరీ వింటూ వంట చేసుకుంటాను, ఇంటి మనిషి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. హాకీ పెడితే మాత్రం పొయ్యి మీద ఏదీ ఉంచలేను. మొదట్లో నాకు పక్, అంటే బంతి బదులు వాడే ఆ చిన్న నల్ల రబ్బరు బిళ్ల, కనబడేదే కాదు. సాధారణంగా తప్పు చేసిన ఆటగాణ్ణి రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చోబెడతారు, ఆ లోపు అవతలివాళ్లకి ఒక మనిషి ఎక్కువ, పవర్ ప్లే అంటే ఇక్కడ అదీ అని రూమ్మేట్ చెప్పాకే ఆట అర్థమైంది.

రెడ్ సాక్స్, ఇక్కడి హాకీ జట్టు బ్రూయిన్స్, ఈ రెండు జట్లూ నాకేమవుతాయో 2013లో తెలిసింది. ఏప్రిల్ 15, పేట్రియట్స్ డే, ఇక్కడ సెలవు రోజు. పొద్దున తమ సొంత మైదానం ఫెన్‌వే పార్క్‌లో రెడ్ సాక్స్ గెలిచారు. మధ్యాహ్నం బోస్టన్ మారథాన్ ఫినిష్ లైన్ దగ్గర బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ రాత్రి జరగాల్సిన బ్రూయిన్స్ మ్యాచ్ వాయిదా పడింది. 17న మళ్లీ ఆడినప్పుడు, జాతీయ గీతం పాడే రెనే రాన్‌కోర్ట్ మొదటి లైన్లు పాడి మిగతాది జనానికి వదిలేశాడు. హాలంతా ఒక్క గొంతుతో పాడింది. 20న ఫెన్‌వేలో రెడ్ సాక్స్ ఆటగాడు డేవిడ్ ఓర్టీజ్ మైకు పట్టుకుని ఇది మన ఊరు అన్నాడు. ఆ వారమంతా ఈ జట్టా, ఆ జట్టా అన్న ఆలోచనే నాకు రాలేదు.

తర్వాత మే 13. హాకీ ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లు. టొరంటోతో ఆఖరిదైన ఏడో మ్యాచ్, ఆటలో చివరి భాగమైన మూడో పీరియడ్‌లో మనవాళ్లు బ్రూయిన్స్ 4-1తో వెనకబడి ఉన్నారు. చివరికి గోలీని (గోల్ కీపర్‌ని) బయటికి పిలిచేసి, ఆరో ఆటగాణ్ణి దించి, ఆఖరి ఒకటిన్నర నిమిషంలోనే రెండు గోల్స్ కొట్టి సమం చేశారు. అదనపు సమయంలో (ఓవర్‌టైమ్‌లో) పాట్రిస్ బెర్జరాన్ గోల్ కొట్టి గెలిపించాడు. బేస్‌బాల్ నాకు అలాంటి టెన్షన్ ఎప్పుడూ పెట్టలేదు.

జూన్ 24న హాకీ ఛాంపియన్‌షిప్ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ సిరీస్‌లో ఆరో మ్యాచ్. ఇంకా నిమిషంన్నర కూడా లేదు, 2-1తో ముందున్నాం. షికాగో వాళ్లు 17 సెకన్ల తేడాలో రెండు గోల్స్ కొట్టారు. కప్పు వాళ్లదైంది. ఇండియాలో అప్పటికి తెల్లారింది, అమ్మ ఫోన్ చేసింది. "గొంతు అలా ఉందేమ్మా?" అంది. ఓడిపోయామన్నాను. "అదేంటి, ఛాంపియన్స్ ట్రోఫీ నిన్ననేగా మనం గెలిచింది?" అంది. ఏ మనం ఓడిపోయామో అమ్మకి చెప్పడానికి మాట రాలేదు.

అక్టోబర్‌లో బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్ మీద ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ 5-1తో వెనకబడి ఉండగా ఓర్టీజ్ గ్రాండ్ స్లామ్, అంటే ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, కొట్టి సమం చేశాడు. బంతి కోసం ఎగిరిన డెట్రాయిట్ ఫీల్డర్ టోరీ హంటర్ గోడ మీంచి బుల్‌పెన్‌లో, అంటే బంతి వేసేవాళ్లు వార్మప్ చేసే చోట, పడిపోయాడు. ఆ నెల 30న రెడ్ సాక్స్ బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచారు. సొంత మైదానంలో కప్పు ఖాయం చేసుకోవడం 1918 తర్వాత అదే మొదటిసారి. ఆ రాత్రి ఆనందంతో ఏడ్చాను. కానీ జూన్ నొప్పి ఎక్కడిది అక్కడే ఉంది, రెడ్ సాక్స్ గెలుపు దాన్ని తాకనేలేదు. నాలో ఈ రెండిటికీ వేరు వేరు చోట్లున్నాయని అప్పుడే నమ్మకం కుదిరింది.

ఇక మీకు అసలు ఇబ్బంది ఏప్రిల్లో. హాకీ ప్లేఆఫ్స్, బేస్‌బాల్ కొత్త సీజన్ ఒకేసారి నడుస్తాయి. అప్పుడు నేను హాకీకే ఓటేస్తాను, దాచుకోను. బేస్‌బాల్‌కి ఇంకా వంద మ్యాచ్‌ల పైనే ఉంటాయి, హాకీలో ఆ రాత్రితో అంతా అయిపోవచ్చు. టీవీలో బ్రూయిన్స్ పెడతాను. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య విరామంలో వంటింట్లోకి వెళ్లి, అన్నం పెట్టి, రెడ్ సాక్స్ స్కోరెంతో రేడియోలో వింటాను.