బీరువా మీది బీబీసీ మైక్రోకు ఎంత వస్తుంది?

పాత కంప్యూటర్లపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. 1980ల మధ్యలో మా ఉన్నత పాఠశాలకు ప్రభుత్వ పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. అవి మూలపడ్డాక, విరిగిన బల్లలతో కలిపి వేలం వేసినప్పుడు ఒకదాన్ని నేనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాను. పాతికేళ్లుగా అది బీరువా మీదే ఉంది. పాత ఆపిల్ కంప్యూటర్ ఒకటి కోట్ల రూపాయలకు అమ్ముడైందని వార్తల్లో చూసి, మనదానికీ లక్షలు వస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

సమాధానం: మాస్టారూ, లక్షల మీద ఆశ పెట్టుకోవద్దు. అలాగని దాన్ని తుక్కువాడికీ వేయవద్దు.

మీ అబ్బాయి చూసిన వార్త ఆపిల్-1 గురించి అయి ఉంటుంది. ఆపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన ఆ కంప్యూటర్ 1976లో 666.66 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. తయారైనవే దాదాపు 200. ఆ తర్వాత ఆపిల్-2 రాగానే కంపెనీయే పాతవాటిని మార్పిడి కింద వెనక్కి తీసుకుని చాలావాటిని ధ్వంసం చేసింది. మిగిలినవాటి ధర అయినా ఏటేటా పెరుగుతూనే పోయిందనుకుంటే పొరపాటు. 2010లో లండన్ క్రిస్టీస్ వేలంలో ఒకటి 1,33,250 పౌండ్లు పలికింది. 2014లో మరొకదాన్ని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,05,000 డాలర్లకు కొన్నది. నాలుగేళ్లు తిరగకుండానే, 2018లో, పనిచేసే స్థితిలో ఉన్న ఇంకొకటి 3,75,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మళ్లీ 2024లో మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ సేకరణలోని ఆపిల్-1కు 9,45,000 డాలర్లు, అంటే మన లెక్కలో 8 కోట్లకు కాస్త తక్కువగా వచ్చాయి. అది ఒకప్పుడు స్టీవ్ జాబ్స్ కార్యాలయంలో ఉండిన యంత్రం కావడమే అంత ధరకు ముఖ్య కారణం. ఒకే రకం యంత్రానికి ఇంత తేడా ఎందుకంటే, కొనేవాళ్లు యంత్రాన్ని మాత్రమే చూడరు. అది ఎవరి చేతుల మీదుగా వచ్చింది, అందుకు కాగితపు ఆధారం ఉందా, విడిభాగాల్లో ఎన్ని మొదటినాటివి, ఆ రోజు వేలంలో పట్టుబట్టి పాడేవాళ్లు ఇద్దరున్నారా అన్నవి కూడా ధరను నిర్ణయిస్తాయి.

బీబీసీ మైక్రో సంగతి వేరు. 1981 చివరలో ఇంగ్లండులో విడుదలైన ఈ యంత్రాలు 15 లక్షల దాకా అమ్ముడయ్యాయి. అక్కడి చాలా బడుల్లో ఉండేవి కాబట్టి ఇప్పటికీ అటకల మీద దొరుకుతూనే ఉన్నాయి. బాగా పనిచేసేదానికి కూడా సాధారణంగా వందల పౌండ్లే తప్ప వేలు పలకవు.

అయితే మీరు ఒక పని చేయండి. పెట్టెను తిరగేసి అడుగున ఉన్న చీటీ చూడండి. బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన 'క్లాస్' పథకం మన దేశంలో బీబీసీ మైక్రోను వందలాది బడులకు చేర్చింది. ఆ యంత్రాన్ని మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ ఇక్కడే 'ఎస్‌సీఎల్ యూనికార్న్' పేరుతో తయారు చేసింది. ఆ పేరున్న చీటీ చెక్కుచెదరకుండా ఉంటే, ఇంగ్లండులో పది బీబీసీ మైక్రోలున్న సేకరణకర్త కూడా మీ పదకొండోదాని కోసం ఉత్తరం రాస్తాడు. దానితోపాటు బడి స్టాకు రిజిస్టరులోని నమోదుకు నకలు, వేలం రసీదు దొరికితే భద్రపరచండి. నా దృష్టిలో ఆ రెండు కాగితాలూ యంత్రంలో సగం విలువ చేస్తాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టి స్విచ్ వేయకండి. ఆ తొందరలో నేను నా యంత్రాన్నే పాడు చేసుకున్నాను. తెర వెలిగింది, మాట వరసకు రెండు లైన్ల బేసిక్ ప్రోగ్రాం కూడా టైపు చేశాను. పది నిమిషాలకు టప్‌మని చప్పుడై, వెనుకనుంచి బూడిదరంగు పొగ లేచి, ఆ ఘాటు వాసన మూడు రోజులు గదిని వదల్లేదు. విప్పి చూస్తే, పవర్ సప్లైలో తేనెరంగు తొడుగుతో ఉండే చిన్న కెపాసిటర్ (విద్యుత్తును కొంతసేపు పట్టి ఉంచే భాగం) పగిలిపోయి కనిపించింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తొడుగు మీద వెంట్రుకవాసి బీటలు పడి, గాలిలోని తేమ లోపలి కాగితానికి ఎక్కుతుంది. కరెంటు తగలగానే అది ఉబ్బి పేలుతుంది. కొత్త కెపాసిటర్ ఖరీదు చాలా తక్కువ. రేడియోలు బాగుచేసే అనుభవజ్ఞుడి చేత ముందే మార్పించి, అప్పుడు స్విచ్ వేయండి. 'పరీక్షించలేదు' అని రాసి అమ్మేదానికీ, తెర మీద అక్షరాలు చూపించి అమ్మేదానికీ మధ్య ధర తరచుగా రెట్టింపు ఉంటుంది.

ప్రశ్న: నమస్కారమండీ. చదువుకునే రోజుల్లో కొన్న ఆపిల్ కంప్యూటర్, మెకింతాష్ ఎస్‌ఈ/30, మా గరాజులో ఉంది. పదిహేనేళ్ల కిందట ఊరికే ఇస్తామన్నా తీసుకున్నవారు లేరు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ధరలు చూస్తే ఆశ్చర్యంగా ఉంది. ఇప్పుడే అమ్మాలా, ఇంకా ఆగాలా?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

సమాధానం: అమ్మా, ముందుగా మీరు చూసినవి అడుగుతున్న ధరలా, అమ్ముడైన ధరలా అన్నది తేల్చుకోండి. ఈబే అమ్మకాల వెబ్‌సైటులో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే వీలుంది. అక్కడ వెతికితే అసలు సంగతి తెలుస్తుంది. ఎవరూ కొనని ధరతో ఏడాదిపాటు అలాగే వేలాడే ప్రకటనలు కోకొల్లలు.

2020లో కరోనా వల్ల జనం ఇళ్లకే పరిమితమైనప్పుడు పాత కంప్యూటర్ల ధరలు బాగా పెరిగాయి. తర్వాత మామూలు రకాలు కొంత దిగాయి, ఎస్‌ఈ/30 వంటివి మాత్రం గిరాకీ నిలుపుకున్నాయి. 1989లో వచ్చిన ఆ చిన్న పెట్టె 128 ఎంబీ దాకా మెమరీని భరించగలదు. ఆ ఆకారంలోని పాత నలుపు-తెలుపు మెకింతాష్‌లలో అంత శక్తి గలది మరొకటి లేదు కాబట్టే వెతికి కొంటున్నారు.

కానీ ఆగడం వల్ల లాభమా అంటే, యంత్రం ఆ గడువు ఇవ్వదు. లోపలి మదర్‌బోర్డు మీద గోరంత లిథియం బ్యాటరీ ఉంటుంది. అది పగిలి కారితే బోర్డు తుప్పు పట్టి చిల్లులు పడుతుంది, ఆ తర్వాత మీ దగ్గర మిగిలేది ఖాళీ పెట్టె. అమ్మినా అమ్మకపోయినా ఈ శనివారమే దాన్ని తీయించండి. అయితే, ఆ పెట్టెలో పిక్చర్ ట్యూబు ఉంది, కరెంటు తీసేసినా కొంతసేపు షాక్ కొట్టగలదు కనుక తెలిసినవారే విప్పాలి. బోర్డు దగ్గర చేపల వాసన వచ్చినా, స్విచ్ వేసినప్పుడు తెర నిండా అడ్డ చారలు కనిపించినా కెపాసిటర్లలోని ద్రవం కారి, రాగి గీతలను తింటోందని అర్థం. వాటిని మార్పించిన రసీదు జతచేస్తే ఖర్చుకు మించి ధర వస్తుంది.

ప్రశ్న: మా షాపులో పాత 486, పెంటియం ప్రో చిప్పులు డబ్బాడు ఉన్నాయి. బంగారం కోసం కిలోల లెక్కన కొంటామంటున్నారు. ఇచ్చేయమంటారా?
— ఒక కంప్యూటర్ మెకానిక్, సికింద్రాబాద్

సమాధానం: ఇప్పుడే ఇవ్వకండి. 1995లో వచ్చిన పెంటియం ప్రోలో బంగారం ఎక్కువని తుక్కు వ్యాపారులందరికీ తెలుసు కనుక, బంగారం ధర పెరిగిన ప్రతిసారీ కొన్ని యాసిడ్‌లో కరిగిపోతున్నాయి. కాళ్లు వంగినవీ పగిలినవీ వేరు చేసి, మంచివాటిని విడివిడిగా అమ్మండి. 486 మదర్‌బోర్డులు, వూడూ గ్రాఫిక్స్ కార్డులు ఉంటే వాటిని ముందు చూడండి. 1990లలో వీటి మీద కంప్యూటర్ ఆటలు ఆడిన పిల్లలు నేడు నలభైలలో ఉన్నారు, చేతిలో డబ్బుంది. ఇరవయ్యేళ్ల కిందట బీబీసీ మైక్రో వంటి ఎనిమిది బిట్ల యంత్రాలకు వచ్చిన గిరాకీ ఇప్పుడు వీటివైపు మళ్లింది.

ప్రశ్న: మా నాన్నగారు ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో పనిచేశారు. టీడీసీ-316 కంప్యూటర్ మాన్యువళ్లు, చిల్లులతో సమాచారం నమోదు చేసే కాగితపు టేపు చుట్టలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వీటికి ధర ఉంటుందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించానమ్మా. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పుట్టిన టీడీసీ-12ను, ఆ తర్వాత 312, 316లను హైదరాబాద్‌లో ఈసీఐఎల్ తయారు చేసింది. బజారు ధర అంటూ ఏర్పడాలంటే ఒకే రకం వస్తువు పదిసార్లు చేతులు మారాలి. ఈ యంత్రాలు ఇళ్లలో కాక పరిశోధనశాలల్లో ఉండేవి, అక్కడినుంచి చాలావరకు తుక్కుకే పోయాయి. అందువల్ల మీ ట్రంకులోని కాగితాలకు రేటు కట్టే పద్ధతి లేదు గాని, దొరకనితనంలో అవి ఆపిల్-1కు తీసిపోవు.

విడదీసి అమ్మకండి. టేపు చుట్టలను లాగి చూడకండి, మడతల దగ్గర తెగుతాయి. మాన్యువళ్లను అట్టతో సహా ప్రతి పేజీ స్కాన్ చేయించి, ఆ తర్వాతే ఎవరికైనా చూపించండి. అమెరికాలోని మౌంటెన్ వ్యూలో ఉన్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వంటి సంస్థలు ఇలాంటివాటిని విరాళంగా పరిశీలిస్తాయి, కానీ ముందుగా మన నగరంలోనే ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయమైనా ఉంచుకుంటుందేమో అడగమని నా మనవి. అంచుల్లో నాన్నగారు పెన్సిలుతో రాసుకున్న గుర్తులుంటే వాటిని రబ్బరుతో చెరిపి శుభ్రం చేయవద్దు. అచ్చు పుస్తకం మరొక ప్రతి ఎక్కడైనా ఉండవచ్చు గాని, యంత్రం నడిపిన మనిషి రాసుకున్న ఆ దిద్దుబాట్లు మీ ట్రంకులో తప్ప ఇంకెక్కడా ఉండవు.