సందేహాలు – సమాధానాలు: ‘లాఫుల్’ అంటే ధర్మమేనా?

సందేహం: మేం అయిదుగురు స్నేహితులం ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. పాచికలు ఉన్నా ఎక్కువగా మాటలతో నడిచే ఆట ఇది. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఆ పాత్ర వివరాలన్నీ క్యారెక్టర్ షీట్ మీద రాసుకోవాలి. అందులో ‘అలైన్‌మెంట్’ అని ఒక గడి ఉంటుంది, పాత్ర బుద్ధి ఎలాంటిదో చెప్పడానికి. లాఫుల్ (నియమం పాటించేది), న్యూట్రల్ (ఎటూ కానిది), కేయాటిక్ (నియమానికి లొంగనిది) ఒక వరస. గుడ్, న్యూట్రల్, ఈవిల్ ఇంకో వరస. రెండూ కలిపితే తొమ్మిది రకాలు. ఈసారి షీట్లు తెలుగులో రాద్దామని ‘లాఫుల్ గుడ్’ని ‘ధార్మిక మంచి’ అనీ, ‘కేయాటిక్ ఈవిల్’ని ‘అస్తవ్యస్త చెడు’ అనీ రాశాం. చదివితే మాకే నవ్వొచ్చింది. ‘లాఫుల్ ఈవిల్’ దగ్గర ‘ధార్మిక చెడు’ అనాల్సి వచ్చి ఆగిపోయాం. ఏ మాటలు వాడాలి? అసలు అలైన్‌మెంట్‌ని ఏమనాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ‘ధార్మిక చెడు’ దగ్గర ఆగారు, మంచి పని చేశారు. మీ చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగులో ధర్మం అన్నామంటే కట్టుబాటూ మంచీ రెండూ కలిసే వస్తాయి. ‘అది నీకు ధర్మం కాదు’ అన్నప్పుడు నువ్వు నియమం తప్పావనీ, తప్పు చేశావనీ ఒకే మాటలో అంటున్నాం. ‘ధర్మం చెయ్యండి తల్లీ’ అన్నప్పుడు అందులో నియమం ఊసే లేదు, ఉన్నది దయ. ధర్మాసుపత్రిలో ధర్మానికి ‘డబ్బు తీసుకోని’ అని అర్థం. ఇన్ని పనులు చేసే మాటని తెచ్చి ఒక వరసకి మాత్రమే పేరుగా పెడితే అది రెండో వరసలోకి కూడా ఒలికిపోతుంది.

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషులో ఈ ఆట మొదలైనప్పుడూ ఇదే పరిస్థితి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు మూడే మూడు పేర్లు: లా, న్యూట్రాలిటీ, కేయాస్. లోకమంతా లాకీ కేయాస్‌కీ మధ్య జరిగే పోరు అన్న ఊహ పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ లాంటి నవలాకారుల దగ్గర నుంచి వచ్చింది. అప్పట్లో లా అంటే ఇంచుమించు మంచి, కేయాస్ అంటే ఇంచుమించు చెడు. మీరు ఆ 1974 నాటి ఆట ఆడుతుంటే ‘ధర్మం’ అని నిక్షేపంగా రాసుకోమనేవాణ్ణి. అయితే 1976 ఫిబ్రవరిలో గైగాక్స్ ఒక వ్యాసం రాసి ఈ రెంటినీ విడదీశాడు. నియమం పాటించడం వేరు, మంచిగా ఉండడం వేరు అన్నాడు. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో తొమ్మిది గడులూ స్థిరపడ్డాయి. ఆయన విడదీసినదాన్ని మీరు ధర్మం అన్న మాటతో మళ్లీ అతికిస్తున్నారు, అంతే.

అలాగని ఈ తేడా మనకు తెలియనిదేం కాదు. హరిశ్చంద్రుడు కాటికాపరిగా ఉన్నాడు. చచ్చిపోయిన సొంత కొడుకుని మోసుకుని భార్య వచ్చింది. కాటి సుంకం కట్టందే కాల్చనివ్వనన్నాడు. ఆ మాట మంచిదా అని అడిగితే ఎవరికైనా నోరు పెగలదు. కట్టుబాటా అంటే మాత్రం అంతకు మించిన కట్టుబాటు లేదు. నిండు సభలో ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్నాడు. ‘ధర్మసూక్ష్మం’ అని ఇవాళ మనం కాస్త వెటకారంగా వాడేది ఈ ఇరుకునే. రెండు వరసలూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటు మనకు బాగా తెలుసు, విడివిడిగా పేర్లు పెట్టుకోలేదంతే.

ఇక ‘లాఫుల్’. ‘చట్టబద్ధం’ పనికిరాదు. అది కోర్టు మాట. దుర్మార్గుడైన రాజు చేసిన చట్టానికి మీ పాలడిన్ (మంచి కోసం ప్రమాణం చేసి పోరాడే యోధుడి పాత్ర) తలవంచనక్కర్లేదు కదా. ‘నియమబద్ధం’ తప్పు కాదు గాని ఆఫీసు సర్క్యులర్ వాసన వేస్తుంది. నాకు నచ్చేది అచ్చ తెలుగు ‘కట్టు’. కట్టుబాటు, కట్టుబడి ఉండడం, కట్టు తప్పడం అన్నీ ఇందులోంచి వచ్చినవే. పైగా ఇందులో మంచీ చెడూ ఏదీ లేదు. దొంగల ముఠాకీ ఒక కట్టు ఉంటుంది.

‘కేయాటిక్’తో పేచీ ఎక్కువ. కేయాస్ గ్రీకు మాట. మొదట్లో నోరు తెరుచుకున్న శూన్యం అని అర్థం. ‘అస్తవ్యస్తం’ అంటే చిందరవందర. ‘అస్తవ్యస్త చెడు’ అనగానే బట్టలు మడత పెట్టుకోని రాక్షసుడు కళ్ల ముందుకొస్తాడు. ‘అరాచకం’ అసలు అర్థం దగ్గరగానే ఉంది: రాజు లేకపోవడం. రామాయణంలో దశరథుడు పోయాక, రాజు లేని దేశంలో వాన కూడా పడదని పెద్దలు వరసపెట్టి చెబుతారు. కానీ ఇప్పటి వాడుకలో అరాచకం అంటే దౌర్జన్యం. ‘అరాచక మంచివాడు’ అంటే ఎవరికీ పొసగదు. ‘విచ్చలవిడి’దీ ఇదే గతి.

‘నిరంకుశం’ కథ ఇంకా విచిత్రం. అంకుశం లేనిది, అంటే మావటి అదుపులో లేని ఏనుగు. ‘నిరంకుశాః కవయః’ అన్న నానుడిలో అర్థం అదే: కవులు వ్యాకరణానికి లొంగరు. మీ కేయాటిక్ అచ్చంగా ఇదే. కానీ ఇవాళ ‘నిరంకుశ పాలన’ అంటే అందరి నెత్తినా అంకుశం పెట్టి నడిపించే పాలన! ఏనుగు కాస్తా మావటి అయి కూర్చుంది. కేయాటిక్‌కి అక్షరాలా సరిపోయే మాట వాడుకలో లాఫుల్ ఈవిల్ వైపు జరిగిపోయింది. నాకెంత ఇష్టమైనా దీన్ని మీ షీట్ మీదికి ఎక్కించలేను.

కాబట్టి ఇక్కడ నామవాచకం కోసం వెతక్కండి. రెండు విశేషణాలు పక్కపక్కన పేర్చడం ఇంగ్లీషుకి అలవాటు. మనం క్రియ పెట్టి చెబుతాం. లాఫుల్ గుడ్ ‘కట్టు తప్పని మంచివాడు’. కేయాటిక్ గుడ్ ‘కట్టు పట్టని మంచివాడు’. ‘వాడికి లోకం పట్టదు’ అంటామే, ఆ పట్టకపోవడం. ఈవిల్ దగ్గర ‘చెడ్డవాడు’ అనండి. ‘చెడువాడు’ అని ఎవరూ అనరు. పాత్ర ఆడది అయితే ‘మంచిది’, ‘చెడ్డది’ అని రాస్తే వస్తువు గురించి చెప్పినట్టుంటుంది. ‘మంచిమనిషి’, ‘చెడ్డమనిషి’ అంటే ఇద్దరికీ సరిపోతుంది.

న్యూట్రల్‌కి అందరూ ‘తటస్థం’ అంటారు. తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఒడ్డున నిలబడి చూసేవాడు. చక్కని మాటే, కానీ ఒక వరసలో మాత్రమే న్యూట్రల్ అయినవాడికి అసలు మాటే అక్కర్లేదు. న్యూట్రల్ గుడ్ ఉత్త ‘మంచివాడు’. లాఫుల్ న్యూట్రల్ ఉత్త ‘కట్టు తప్పనివాడు’. రెంటిలోనూ న్యూట్రల్ అయినవాడి సంగతే వేరు. 1989 నాటి రెండో ఎడిషన్‌లో వీడు ఓడిపోతున్నవాళ్ల వైపు చేరతాడు. వాళ్లు గెలవడం మొదలుపెడితే అవతలి వైపుకి మారడానికీ వెనకాడడు. త్రాసు సమంగా ఉండాలి, అదీ వాడి పట్టుదల. మనూళ్లో అయితే గోడ మీద పిల్లి అని తిట్టేవాళ్లం. పిల్లి తన లాభం చూసుకుంటుంది, వీడు లోకం తూకం చూస్తాడు. ఇలాంటివాడు ఒడ్డున లేడు, ఏట్లో పీకల్లోతున ఉన్నాడు. మీ ఆటలో న్యూట్రల్ అలాంటివాడైతే ‘సమతూకం’ అని రాయండి. ఏదీ పట్టించుకోనివాడైతే ‘తటస్థుడు’.

‘అలైన్‌మెంట్’ అంటే ఒక గీతకు తేవడం. కారు చక్రాలకూ కొత్త రోడ్డుకూ మనం అలైన్‌మెంట్ అనే అంటాం. మనుషుల విషయానికొస్తే, నాన్ అలైన్డ్ ఉద్యమాన్ని మన పత్రికలు ‘అలీనోద్యమం’ అన్నాయి. అందులోంచి ‘అ’ తీసేసి ‘లీనత’ అనొచ్చా అంటే, అది ధ్యానంలో కూచున్నవాళ్ల మాట.

1974 పుస్తకంలో పాత్రల్నీ రాక్షసుల్నీ మూడు నిలువు వరసల్లో, ఎవరు ఎటువైపో పంచి పెట్టారు. ఆ అర్థంలో ‘పక్షం’ సరిగ్గా అతుకుతుంది. ఒక్కో పక్షానికీ సొంత భాష కూడా ఉండేది! 1981 నాటి బేసిక్ నియమాల ప్రకారం పక్షం మారితే భాషా మారుతుంది. పొద్దున బుద్ధి మారితే మధ్యాహ్నానికి మాతృభాష మారినట్టు. రెండో ఎడిషన్‌లో ఈ భాషల్ని తీసేశారు. భాషతో బతికేవాణ్ణి గనక నాకు కాస్త బెంగగానే ఉంది.

తర్వాత్తర్వాత అలైన్‌మెంట్ అంటే పాత్ర ఎటువైపో చెప్పడం తగ్గి, ఎలాంటిదో చెప్పడం పెరిగింది. అందుకని ‘గుణం’ మేలు. విభీషణుడు పక్షం మార్చాడు, గుణం మార్చుకోలేదు. కుంభకర్ణుడు తప్పు రావణుడిదేనని మొహానే చెప్పి, అదే అన్న పక్షాన నిలబడి చచ్చాడు. ‘పక్షం’ అని రాస్తే ఈ ఇద్దరి షీట్లూ తప్పుడు లెక్క చూపిస్తాయి. సత్త్వ రజస్తమో గుణాలు గుర్తొస్తాయని ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ‘వాడి గుణం మంచిది కాదు’ అనే మన అమ్మమ్మలకి అవేవీ అడ్డు రాలేదు.

‘పాలడిన్’ని అలాగే ఉంచండి, ‘ధర్మవీరుడు’ అని మార్చి మళ్లీ ఆ ధర్మాన్ని లోపలికి తీసుకురాకండి. గుణం గడి చిన్నదిగా ఉండి ‘కట్టు తప్పని మంచివాడు’ పట్టకపోతే ‘క.త.మం.’ అని రాసుకోవచ్చు. ‘కట్టు పట్టని’కి ‘క.ప.’ రాయండి. ‘త’కీ ‘ప’కీ తేడా తెలిసేలా రాయండి మరి, చేతిరాత బాగోలేకపోతే మీ పాలడిన్ కాస్తా దొంగల్లో కలిసిపోతాడు.