కింది ముఖానికీ మెడకీ ఏ లిఫ్ట్ మంచిది? జాకెట్లు కుట్టుకునే నా అనుభవం ఇది

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీకు 53 ఏళ్లు, ఉండేది శ్రీకాకుళం. చెంపలు దవడ దాటి కిందికి జారాయి, మెడ ముందు రెండు తాళ్లు తేలుతున్నాయి. ఒక డాక్టరు థ్రెడ్స్ (చర్మం కింద దారాలు వేసి పైకి లాగడం) చాలన్నారు, ఇంకొకరు మినీ లిఫ్ట్, అంటే జారినదాన్ని కోసి పైకి బిగించే చిన్న ఆపరేషన్ అన్నారు, మూడో ఆయన డీప్ ప్లేన్ అనే పెద్ద లిఫ్ట్‌తో పాటు నెక్ లిఫ్ట్ కూడా చేయాలన్నారు. ఎవరి మాట వినాలి అని.

నేను డాక్టర్ని కాను. విజయనగరంలో 28 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. రోజంతా మెషిన్ మీదకి తల వంచుకుని ఉండేదాన్ని కదా, మెడ గురించి పట్టించుకోలేదు. ఒకరోజు మా మనవడు నా ఒళ్లో పడుకుని, గడ్డం కింద చర్మం పట్టుకుని ఊపుతూ, "అమ్మమ్మా, నీకూ ఆవుకున్నట్టు గంగడోలు ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.

ముందు థ్రెడ్స్ సంగతి చెప్పేస్తాను. నేను చేసిన మొదటి తప్పు అదే. కోత లేదు, గంటలో పని అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నారు. ఆ ఆశతో వేయించుకున్నాను. నాకు వేసినవి కరిగిపోయే దారాలు. రెండు నెలలు బాగానే ఉంది, ఎనిమిదో నెలకి మొదటికి వచ్చింది. చర్మం కొద్దిగా వదులైనవాళ్లకి అది కొన్నాళ్లు పనిచేస్తుందేమో కానీ మెడ మీద తాళ్లు తేలినవాళ్లకి దారాలు చేసేదేమీ లేదు. ఎందుకో నాకు తర్వాత విశాఖలో లిఫ్ట్ ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు అర్థమైంది.

మన ముఖం లైనింగ్ జాకెట్ లాంటిది. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద గట్టి పొర ఒకటి. డాక్టర్లు దాన్ని స్మాస్ అంటారు. 1976లో ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు ఆ పొరను వివరంగా రాశారని, అంతకుముందు చాలామటుకు చర్మాన్నే లాగి కుట్టేవారని మా సర్జన్ చెప్పారు. ఆ పొరే మెడలోకి దిగి ప్లాటిస్మా అనే పల్చటి కండరంతో కలుస్తుంది. వయసు వచ్చేసరికి మెడ ముందు ఆ కండరం అంచులు వదులై విడిపోతాయి. మీకు కనిపించే రెండు తాళ్లు ఆ అంచులే. లైనింగ్ ముడతలు పడి ఉంటే పైగుడ్డ ఎంత లాగి కుట్టినా ఏం లాభం? నాలుగు ఉతుకుల్లో కుట్టు దగ్గర పిగిలిపోతుంది. చర్మం ఒక్కటే లాగితే జరిగేదీ అదే. మచ్చ వెడల్పవుతుంది, జారుడు మళ్లీ వస్తుంది.

అందుకే డాక్టర్ల దగ్గరికి మళ్లీ వెళ్లేముందు ఇంట్లోనే ఒక పని చేయండి. పగటి వెలుగులో అద్దం ముందు నిలబడి, పళ్లు బిగించి "ఈ..." అని గట్టిగా అనండి. తాళ్లు బిగుసుకుని పైకి తేలితే కండరం పని కూడా ఉందన్నమాట. తర్వాత మామూలుగా ఉండి గడ్డం కింద రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. అలా పట్టుకునే ఉండి మళ్లీ "ఈ" అనండి. వేళ్ల మధ్య ఉన్నది అలాగే ఉంటే కొవ్వు కండరం పైన ఉంది. చేతిలోంచి జారి లోపలికి పోయినట్టుంటే కొంత కండరం కింద ఉంది, దాన్ని లైపోసక్షన్ గొట్టంతో పీల్చి తీయడం కుదరదు. నన్ను పరీక్ష చేసేటప్పుడు సర్జన్ ఇదే చేశారు. మీరు చూసుకున్నది తీర్పు కాదు, ఆయన చెప్పేది అర్థం కావడానికి పనికొస్తుంది, అంతే.

లైపోసక్షన్ అంటే గుర్తొచ్చింది. "కొవ్వు తీసేస్తే చాలు కదా" అని నేనూ అడిగాను. చర్మం బిగువుగా ఉన్న చిన్న వయసువాళ్లకి చాలు. మనకి అయితే బస్తాలోంచి బియ్యం తీసేశాక గోనె వేలాడినట్టు ఉంటుంది. మరీ ఎక్కువ తీసేస్తే గడ్డం కింద గుంట కూడా పడుతుంది.

ఇక పేర్ల సంగతి. మినీ లిఫ్ట్ అన్న మాటకి ఒక్క అర్థం లేదు, ఒక్కో డాక్టరు ఒక్కోదాన్ని అలా పిలుస్తారు. సాధారణంగా కోత చెవి ముందు మొదలై తమ్మె దగ్గరే ఆగిపోతుంది. చెవి వెనక్కి పోదు కాబట్టి మెడలో మిగిలిన చర్మం తీయడానికి చోటుండదు. దవడ దగ్గర కాస్త జారి, మెడ బాగున్నవాళ్లకి అది సరిపోతుంది. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇబ్బంది సగం మెడలోనే ఉంది. అందుకని నాకైతే మీ మూడో డాక్టరే మీ మెడను సరిగ్గా చూసినట్టు అనిపిస్తోంది.

అయితే ఆయన చెప్పిన డీప్ ప్లేనే కావాలా అంటే, అది వేరే ప్రశ్న. స్మాస్ పొరను కోయకుండా మడిచి కుట్టడం ఒక పద్ధతి, మనం జాకెట్‌కి డాట్ వేసినట్టు. అందులోంచి ఒక పట్టీ తీసేసి అంచులు కలిపి కుట్టడం ఇంకొకటి. ఆ పొర కిందికి వెళ్లి, దాన్ని ఎముకకి పట్టి ఉంచే బిగింపులు విడిపించి, చర్మంతో సహా ఒకే ముక్కగా పైకి జరపడం డీప్ ప్లేన్. అమెరికా సర్జన్ హామ్రా 1990లో ఆ పేరుతో దాన్ని రాశారు. ముఖాన్ని కదిలించే నరాలు ఆ పొర కిందే ఉంటాయి కాబట్టి, రోజూ చేసే చెయ్యి అయితేనే అక్కడికి వెళ్లాలి. వీటిలో ఒకటి అందరికీ మేలని తేలలేదట, మా సర్జనే ఒప్పుకున్నారు. మూడూ బాగా చేసేవాళ్లున్నారు, మూడింటినీ పాడుచేసేవాళ్లూ ఉన్నారు. నాకు చేసింది మడిచి కుట్టడమే. మెడకి మాత్రం గడ్డం కింద అడ్డంగా చిన్న కోత పెట్టి, విడిపోయిన కండరం అంచులు రెండూ దగ్గరికి తెచ్చి, జాకెట్ ముందు హుక్కులు పెట్టినట్టు వరసగా కుట్టారు. చెవి వెనక నుంచి చర్మం సర్దారు.

నేను ఆయన్ని ఒకే ప్రశ్న గట్టిగా అడిగాను. "డాక్టరుగారూ, లాగుడు బరువంతా ఏ కుట్టు మీద పెడతారు?" ఆయన నవ్వి, "మీరు ఏం పని చేస్తారమ్మా?" అన్నారు. చెప్పాను. "లోపలి పొర మీదేనమ్మా. పై చర్మం ఊరికే ఆనించి కుడతాను" అన్నారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. మీరూ ఆ ప్రశ్న అడగండి. మెడ ముందు తెరుస్తారా లేదా అడగండి. వాళ్ల దగ్గర చేయించుకున్నవాళ్ల ఫొటోలు పక్కనుంచి తీసినవి, ఏడాది దాటాక తీసినవి చూపించమనండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ డిగ్రీ ఉందో లేదో చూసుకోండి.

చెవుల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, మనం దుద్దులు పెట్టుకునేవాళ్లం కాబట్టి. చర్మాన్ని బిగించి తమ్మె దగ్గర కుట్టేస్తే, కొన్నాళ్లకి తమ్మె కిందికి సాగి చెంపలో కలిసిపోయినట్టు అవుతుంది. పుట్టుకతో అలాంటి తమ్మె ఉన్నవాళ్లు సరే, మనకి కొత్తగా వస్తే దుద్దు పెట్టగానే తెలిసిపోతుంది. బరువు దుద్దులకి నా కన్నాలు ఎప్పుడో సాగి ఉన్నాయి, ఆ మాట ముందే చెప్పి జాగ్రత్త పడమన్నాను. చెవి కుట్టించుకున్న చోట గానీ సిజేరియన్ కోత దగ్గర గానీ మీకు మచ్చ గడ్డలా లేచి ఉంటే అది తప్పకుండా చూపించండి. కొప్పు పెట్టుకునే అలవాటుంటే అదీ చెప్పండి, చెవి వెనక కోత ఎక్కడ దాచాలో దాన్ని బట్టి ఆలోచిస్తారు.

పొగ అలవాటున్నవాళ్లు కనీసం నాలుగు వారాల ముందే పూర్తిగా మానాలి, తర్వాతా అంతే. మన వైపు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు కదా, మా పెద్దత్త కూడా అంతే. ఆపరేషన్లో లేపిన చర్మానికి పొగ వల్ల రక్తం అందకపోతే చెవి వెనక నల్లబడి చచ్చిపోతుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపకండి.

ఇప్పుడు నా రెండో తప్పు. ఆపరేషన్ రోజు పొద్దున్న నీళ్లు కూడా తాగొద్దన్నారు. నేను బీపీ మాత్ర కూడా మానేశాను, ఎవర్నీ అడగలేదు. గుక్కెడు నీళ్లతో ఆ మాత్ర వేసుకోవాల్సిందని తర్వాత తెలిసింది. ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రానికి లేచి కూర్చున్నాను. గంటన్నర దారే కదా, ఇంటికి పంపేయండి అని మా ఆయన చేత కూడా అడిగించాను. సర్జన్ ఒప్పుకోలేదు. రాత్రి పదిన్నరకి ఎడమ చెవి కింద సలుపు మొదలైంది. కుడివైపు ఏమీ లేదు. అరగంటలో కట్టు కింద ఎడమ దవడ బిర్రబిగిసి, చేత్తో తాకితే పొంగిన పిండిముద్దలా ఉంది. నర్సు బీపీ చూస్తే 170. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి, గడ్డకట్టిన రక్తం తీసి, కారుతున్న చోట ఆపి, గొట్టం పెట్టారు. ఈ ఆపరేషన్లో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదేనట. బీపీ ఉన్నవాళ్లకి, మగవాళ్లకి ఇంకా ఎక్కువట, అదీ చాలామటుకు మొదటి రోజులోనే. అప్పటికి నేను ఇంట్లో ఉండి ఉంటే? మీకు శ్రీకాకుళం నుంచి విశాఖ దారి ఇంకా ఎక్కువ. కనీసం రెండు రాత్రులు అక్కడే ఉండేలా చూసుకోండి.

కుట్లు కొన్ని ఆరో రోజు, మిగతావి పదో రోజు తీశారు. మూడు వారాల దాకా ఎవరికీ కనిపించలేదు. మా ఆడపడుచు మాత్రం వచ్చి, "ఈ వయసులో నీకిదేటి సరదా?" అని వెళ్లింది. హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, అందం ఖాతాలో పోతుంది, అదీ లెక్క వేసుకోండి. దవడ గీత వచ్చింది, గంగడోలు పోయింది. ముక్కు పక్క నుంచి పెదవుల దాకా దిగే గీతలు మాత్రం అంతగా తగ్గలేదు, పెదవి మీది సన్నముడతలైతే అసలు కదల్లేదు. ముందే చెప్పారు కాబట్టి బాధపడలేదు.

ఎడమ చెవి తమ్మె ఇంకా సగం మొద్దుగానే ఉంది. చెవికి స్పర్శ ఇచ్చే నరం అటువైపే వెళ్తుందట, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుందన్నారు. నాకు రెండేళ్లయింది. దుద్దు కన్నంలో పడిందో లేదో తమ్మెకి తెలియదు, అద్దంలో చూసుకుని పెట్టుకుంటున్నాను.