రొయ్యల పట్టుబడి డబ్బుతో ప్రొజెక్టర్ కొనొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రెండెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నాను. ఈసారి పట్టుబడిలో ఖర్చులు, లీజు, వచ్చే పంట పెట్టుబడి పోను లక్షా పది వేలు మిగిలాయి. మేత డీలరుకి మాత్రం 45 వేలు పాత బాకీ ఉంది. సంక్రాంతికి చెల్లెళ్లు, బావగార్లు, పిల్లలు అందరూ వస్తారు. హాల్లోనూ డాబా మీదా సినిమాలు చూద్దామని 68 వేల పోర్టబుల్ ప్రొజెక్టర్ చూశాను. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. తీసుకోమంటారా?

జవాబు: ప్రొజెక్టర్ తీసుకోండి. ఆ 68 వేలది వద్దు, ఈఎంఐ అసలే వద్దు.

ముందు డీలరు బాకీ తీర్చెయ్యండి. అరువు మేత రేటుకీ నగదు మేత రేటుకీ తేడా ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. ఇక 65 వేలు మిగులుతాయి. అందులో సగం పైన ఇంటి అవసరాలకి బ్యాంకులో ఉంచండి. ప్రొజెక్టర్‌కి 30 వేలు, అంతే.

ఈఎంఐ అయితే నెలకి 5,667 రూపాయలు. ఆ వాయిదా ప్రతి నెలా వస్తుంది, మీ డబ్బు మాత్రం పట్టుబడికే వస్తుంది. మధ్యలో రొయ్యలకి వైట్‌స్పాట్ తెగులు వచ్చినా, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రేటు పడిపోయినా వాయిదా ఆగదు. పైగా సున్నా వడ్డీ అనేది లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. వడ్డీని ముందు డిస్కౌంటుగా చూపించి, తర్వాత వాయిదాల్లో కలుపుతారు. 15 శాతం చొప్పున మీ 68 వేలలో ఆ వడ్డీ సుమారు 5,200. క్రెడిట్ కార్డు మీదైతే దానికి 18 శాతం జీఎస్టీ, అంటే మరో 940 దాకా మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరే.

మరి 30 వేల లోపుది పనికొస్తుందా? వంద అంగుళాల తెర సుమారు ఏడుంపావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, అంటే దాదాపు 30 చదరపు అడుగులు. సినిమా హాల్లో తెర వెలుగు చదరపు అడుగుకి 14 ల్యూమెన్లు (వెలుగుని కొలిచే లెక్క) ఉంటే చాలంటారు. అంటే ఈ తెరకి మొత్తం 420. వాడగా వాడగా వెలుగు తగ్గుతుంది, గోడ కూడా కొంత మింగుతుంది కాబట్టి 500–600 చూసుకోండి. లైట్లు ఆర్పిన హాల్లో హాయిగా నడుస్తుంది. పగలు కిటికీలు తీసుకుని చూడాలంటే మాత్రం ఇది సరిపోదు, దానికి టీవీయే మేలు.

కానీ ఆ అంకె ఆన్సీ ల్యూమెన్లలో, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచినదై, ఉండాలి. పెట్టె మీద ఉత్త 'ల్యూమెన్లు' అని 9,000, 12,000 అచ్చేసి అమ్ముతారు, వాటిని నమ్మకండి. 'ఫోర్‌కే సపోర్ట్' కూడా అలాంటిదే. అది ఫోర్‌కే వీడియోని తీసుకుంటుందని అర్థం, చూపిస్తుందని కాదు. అడగాల్సింది నేటివ్ రిజల్యూషన్, అంటే మిషన్ నిజంగా చూపించే బొమ్మ స్పష్టత, అది 1080పీ (ఫుల్ హెచ్‌డీ) ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ఎమ్మార్పీ చూపించి అదే తగ్గింపు అంటే మురిసిపోకండి.

డాబా మీద వీధిలైటు పడుతుంటే తెరని 80 అంగుళాలకి తగ్గించండి, వెలుగు ఒకటిన్నర రెట్లవుతుంది. స్పీకరు ఇంట్లో ఉన్నదే కలపండి, లోపలిది పది మందికి వినపడదు. బ్యాటరీ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. డాబా మీదికి వైరు లాక్కుంటే సరిపోతుంది.

మన వైపు అసలు శత్రువు తేమ. పుష్యమాసపు రాత్రి మంచు కురుస్తుంటే మిషన్‌ని పైన వదిలేయకండి. పండగయ్యాక సిలికా జెల్ పొట్లం వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. లేకపోతే లెన్సుకి బూజు పట్టొచ్చు. ధూళి, పురుగులు చొరబడకుండా లోపలి అద్దాలు మూసి ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి.

కొనేది భోగికి ముందు రోజు కాకుండా, డిసెంబరులోనే కొనండి. రీప్లేస్‌మెంటు గడువు లోపలే ఒక రాత్రి డాబా మీద పూర్తి సినిమా నడిపి, వేడెక్కుతోందా, ఫ్యాను ఎంత మోగుతోందో చూసుకోండి.