ఈసీఈ చదువు వదిలేసి అంతర్జాతీయ సంబంధాల వైపు వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరు దగ్గర ఒక కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. చిప్‌ల విషయంలో అమెరికా, చైనాల మధ్య నడుస్తున్న పోటీ గురించి రోజూ చదువుతూ, క్యాంపస్ ఉద్యోగాలకు కూర్చోకుండా అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ చేస్తానంటోంది. ఇది అన్నం పెట్టే చదువేనా, పేపర్లు చదివి పెంచుకున్న మోజా?

జవాబు: మోజు అని కొట్టిపారేయకండి. ఆమె పట్టుకున్న విషయం చాలా పెద్దది, అందులో ఉద్యోగాలూ ఉన్నాయి. అయితే ఆ ఉద్యోగాలకు ఆమెను దగ్గర చేసేది ఇప్పుడు చదువుతున్న ఈసీఈయే కనుక, దాన్ని పక్కన పెట్టి వెళ్లడం మాత్రం పొరపాటవుతుంది. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

2022 అక్టోబరు 7న అమెరికా వాణిజ్య శాఖ, అత్యాధునిక చిప్‌లు చైనాకు చేరకుండా నిబంధనలు తెచ్చింది. లెక్కలు చేసే సామర్థ్యం ఒక స్థాయిని దాటి, ఇతర చిప్‌లతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే వేగం సెకనుకు 600 గిగాబైట్లు గాని, అంతకు మించి గాని ఉంటే, ఆ చిప్‌ను చైనాకు పంపడానికి లైసెన్సు తప్పనిసరి అన్నది అందులో ఒక షరతు. అమెరికా చిప్ కంపెనీ ఎన్విడియా వారి ఏ100 చిప్ వేగం సరిగ్గా 600. ఆ కంపెనీ వేగాన్ని 400కు తగ్గించి ఏ800 పేరుతో చైనాకు అమ్మింది. ఏడాది తిరిగేసరికి, 2023 అక్టోబరు 17న, అమెరికా ఆ వేగం షరతునే తీసేసి, మొత్తం గణన సామర్థ్యాన్నీ, చిప్ వైశాల్యంతో పోల్చినప్పుడు ఆ సామర్థ్యం ఎంత చిక్కగా ఉందన్నదాన్నీ కొలమానాలుగా పెట్టడంతో ఏ800కు కూడా దారి మూసుకుపోయింది. నిబంధన రాసినవారూ, అందులోని సందు కనిపెట్టినవారూ, ఆ సందును పూడ్చినవారూ అందరూ ఒక చేత్తో చట్టాన్నీ మరో చేత్తో చిప్ సాంకేతిక వివరాల పత్రాన్నీ పట్టుకుని పనిచేసినవారే. రెండో పత్రాన్ని చదవడం మీ అమ్మాయికి కళాశాలలోనే వస్తోంది, రాజనీతి శాస్త్రం మాత్రమే చదివినవారిలో చాలామందికి అది రాదు.

ఈ పోటీ ఒకవైపు నుంచే నడవడం లేదు. చైనా 2023 ఆగస్టు 1 నుంచి, చిప్‌ల తయారీలో వాడే గాలియం, జెర్మేనియం ఎగుమతులకు లైసెన్సు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో ఏడు అరుదైన భూ మూలకాలకూ అదే పద్ధతిని విస్తరించినప్పుడు, వాటితో తయారయ్యే అయస్కాంతాలు అందక మన కార్ల కంపెనీలు కూడా ఆందోళన పడ్డాయి. మన ప్రభుత్వం సైతం 2020 జూన్‌లో, సరిహద్దు ఘర్షణ జరిగిన రోజుల్లో, ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద 59 చైనా యాప్‌లను నిషేధించింది.

ఇక ఉద్యోగాల సంగతి. ఇలాంటి ఎగుమతి నిబంధనలను కంపెనీ తప్పకుండా చూసే పనిని ఎక్స్‌పోర్ట్ కంప్లయన్స్ అంటారు. హైదరాబాద్‌లోని చిప్ డిజైన్ కేంద్రాల్లో పెట్టెల్లో సర్దే సరుకు తక్కువే అయినా, అమెరికాలో పుట్టిన సాంకేతిక సమాచారం ఉన్న ఒక డిజైన్ ఫైలును మరో దేశంలోని సహోద్యోగికి పంపడం కూడా అమెరికా ఎగుమతి చట్టం కిందికి రావచ్చు. హెచ్‌-1బీ కోసం కంపెనీ నింపే ఐ-129 దరఖాస్తులో, ఈ ఉద్యోగికి నియంత్రిత సాంకేతికతను చూపడానికి ఎగుమతి లైసెన్సు కావాలా అన్న ప్రశ్న ఉంటుంది. అమెరికా వెళ్లిన మన పిల్లల్లో చాలామందికి తమ దరఖాస్తులో అలాంటి గడి ఒకటి ఉన్నట్టే తెలియదు. మన దేశానికీ స్కోమెట్ పేరుతో ఇలాంటి నియంత్రిత వస్తువుల జాబితా ఉంది, అందులో ఎక్కువ వాటికి అనుమతులు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇస్తుంది. విధాన పరిశోధన సంస్థల్లో ఉద్యోగాలు మాత్రం తక్కువ, అవీ ఎక్కువగా ఢిల్లీలోనే ఉంటాయి, తొలి జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గవి కావు. మీకు నచ్చకపోయినా ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత.

కాబట్టి ఆమె బీటెక్ శ్రద్ధగా పూర్తి చేసి, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, వీఎల్ఎస్ఐ (చిప్ సర్క్యూట్ల రూపకల్పన) బాగా నేర్చుకుని, క్యాంపస్‌లో చిప్ డిజైన్ గాని, ఆ డిజైన్ సరిగా ఉందో లేదో పరీక్షించే వెరిఫికేషన్ గాని ఉద్యోగం వస్తే రెండేళ్లు చేయడం మంచిదని నా అభిప్రాయం. తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదవవచ్చు. అది రోజూ తరగతులకు హాజరవ్వాల్సిన కోర్సు గనుక ఆ మూడేళ్ల ఖర్చుకు ముందే సిద్ధపడాలి. వాణిజ్యం వైపు మనసుంటే ఐఐఎఫ్‌టీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) అంతర్జాతీయ వ్యాపారంలో ఎంబీఏ ఉంది, ఆ సంస్థకు కాకినాడలోనూ ప్రాంగణం ఉంది. ఎంఏ కోరిక అప్పటికీ నిలిచి ఉంటే అడ్డు చెప్పకండి, ఇంజనీరుగా పనిచేసి వచ్చిన విద్యార్థికి అక్కడ విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఈ సెలవుల్లో ఆమెకు ఒక పని అప్పగించండి. అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఇలాంటి చిప్‌ల గురించిన 3ఏ090 అనే అంశాన్ని, ఏ100 చిప్ సాంకేతిక పత్రాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివి, ఆ చిప్‌కు లైసెన్సు ఎందుకు కావాలో మీకు అర్థమయ్యే తెలుగులో రెండు పేజీలు రాయమనండి. విసుగు లేకుండా రాసి మీ చేతికిస్తే, ఆ పేజీలతో పాటు మళ్లీ నాకు రాయండి. లాసెట్టా, కాకినాడా అన్నది అప్పుడు కూర్చుని తేల్చుకుందాం.