అల్లుడికి, బయస్ గురించి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ఈఎల్34 అనే గాజు వాల్వులతో సొంతంగా యాంప్లిఫయర్ కడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం వేసింది, గుండెల్లో దడా మొదలైంది. ఆ పెట్టెలో 400 వోల్టులకు పైనే ఉంటాయిరా. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలే ఉంటుంది. మీటర్ పెట్టి, సున్నాకు దిగిందని చూశాకే చెయ్యి పెట్టు.

స్పీకర్ తగిలించకుండా పాట పెట్టకు.

ఇక బయస్. వాల్వులో కరెంట్‌ను అదుపుచేసే జాలీ గ్రిడ్, ఆ కరెంట్‌ను అందుకునే రేకు ప్లేట్. గ్రిడ్‌కు ఇచ్చే నెగెటివ్ వోల్టేజే బయస్, వాల్వుకు కళ్లెం లాంటిది. మరీ బిగిస్తే చిన్న శబ్దాలు గరగరలాడతాయి, మరీ వదిలితే ప్లేట్ ఎర్రబడుతుంది. ఈఎల్34 ప్లేట్ భరించేది 25 వాట్లు. అందులో 70 శాతం దగ్గర ఆపు. ప్లేట్ మీద 430 వోల్టులుంటే 40 మిల్లీయాంపులు చాలు.

నేను మొదట కట్టినదాంట్లో ఒక వాల్వు 40 దగ్గర పెడితే పావుగంటలో 60 దాటేది. బయస్‌ను సరిచేసే తిప్పుడు రెసిస్టర్ ఉంటుందే, ఆ పాట్ తిప్పి దింపేవాణ్ణి. మళ్లీ ఎక్కేది. వాల్వు చెడిందనుకుని కొత్తది పెట్టాను. అదీ అంతే. రెండు వాల్వుల చోట్లు మార్చి చూసి ఉంటే, రోగం వాల్వుది కాదు, ఆ సాకెట్‌దని అప్పుడే తెలిసేది. ముందు స్టేజ్‌లోని పాజిటివ్ వోల్టేజ్‌ను ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్, వేడెక్కేకొద్దీ దాన్ని కొంచెం కొంచెంగా గ్రిడ్ మీదికి వదులుతోంది. మైనస్ 38 ఉండాల్సిన చోట మైనస్ 35 అయినా కరెంట్ సగం పెరిగిపోగలదు. ఒక రాత్రి పాటలో పడి చూసుకోలేదు. కాలిన వాసన వచ్చాకే లేచాను. వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. అది నేను చేత్తో చుట్టింది. మీ అమ్మ పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టింది. ఎందుకు కాలిందో తనకి ఇప్పటిదాకా చెప్పలేదు.

తిడుతున్నాననుకోకు, అందుకే ఈ పని చేసి తీరాలి. అవుట్‌పుట్ వాల్వులు, అంటే ఈఎల్34లు, తీసేసి, మిగతావి బాగా వేడెక్కాక, రెండు సాకెట్లలోనూ 5వ పిన్ వోల్టేజ్ చూడు. పాట్‌లు రెండూ ఒకే చోట ఉన్నా ఒకవైపు నెగెటివ్ తగ్గితే ఆ కెపాసిటర్ మార్చెయ్. పాట్ మధ్య కాలు ఊడినా గ్రిడ్‌కు పూర్తి నెగెటివ్ అందేలా అక్కడొక రెసిస్టర్ కూడా వెయ్యి.

మొదటిసారి స్విచ్ రాత్రిపూట వెయ్యి, లైట్లు ఆర్పి. ప్లేట్ మీద ఎరుపు చీకట్లో ముందే కనిపిస్తుంది. ఒక్కడివే కూర్చోకు నాన్నా. అమ్మను పక్కన ఉంచుకో, మీటర్ అంకెలు తను చదువుతుంది.

మీ మామయ్య