టీఎంటీ నార్మల్ వస్తే గుండెపోటు ముప్పు లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 46. కూకట్‌పల్లిలో ఉంటాను, రోజంతా కంప్యూటర్ ముందే పని. షుగర్, బీపీ, సిగరెట్ అలవాటు లేవు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142. నాన్నగారికి 51 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. నాకు ఛాతీనొప్పి, ఆయాసం ఏమీ లేవు. హెల్త్ చెకప్‌లో ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) నార్మల్ అన్నారు. అయినా భయం పోవడం లేదు. గుండె నాళాల్లో పూడికలు చూపే స్కాన్, సీటీ యాంజియోగ్రామ్ చేయించుకోమంటారా?

జవాబు: మీ భయానికి కారణం ఉంది. తండ్రికి 55 ఏళ్లలోపే గుండెపోటు వస్తే పిల్లలకు ముప్పు పెరుగుతుంది. అయినా లక్షణాలేవీ లేనప్పుడు సీటీ యాంజియోగ్రామ్‌తో మొదలుపెట్టనక్కర్లేదు. దానికి నరంలోకి రంగుమందు ఎక్కించాలి, ముందుగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుండే వాళ్లకు అది బాగా ఉపయోగపడుతుంది.

టీఎంటీ చెప్పేది ఒక్కటే: గుండె వేగం పెరిగినప్పుడు కండరానికి రక్తం చాలుతోందా, లేదా. నాళం సగం పూడినా రక్తం సరిపోతుంటే ఈసీజీ గీతల్లో తేడా రాదు. సాధారణంగా పూడిక 70 శాతం దాటాకే బయటపడుతుంది, అదీ అందరిలో కాదు. గుండెపోటు మాత్రం చిన్న పూడిక పగిలి, దానిమీద రక్తం గడ్డకట్టినా వస్తుంది.

మీకు నేను సూచించేది సీటీ కాల్షియం స్కోర్. ఇంజెక్షన్ ఉండదు, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టి పడుకుంటే చాలు. గుండె నాళాల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని ఇది లెక్కిస్తుంది. (ఎముకల కాల్షియంతో దీనికి సంబంధం లేదు. పాలు మానేస్తే స్కోరు తగ్గదు.) సున్నా వస్తే రాబోయే కొన్నేళ్లకు ముప్పు తక్కువే. కానీ మెత్తటి పూడికలు ఇందులో కనబడవు, అందుకని సున్నా చూసి నడక మానేయకండి. మీ వయసుకు కొద్దిపాటి స్కోరైనా తేలిగ్గా తీసుకోకూడదు. 100 దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టాల్సిందే.

రక్తంలో లైపోప్రొటీన్-ఎ (కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) కూడా చూపించుకోండి. ఇది వంశపారంపర్యంగా వచ్చేది, జీవితంలో ఒక్కసారి చూస్తే దాదాపు సరిపోతుంది. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువన్నట్టే. చాలా చెకప్ ప్యాకేజీల్లో ఇది ఉండదు, విడిగా అడగండి. మీ తోబుట్టువులకూ చెప్పండి.

ఈ రిపోర్టులతో కార్డియాలజిస్టును కలవండి. మీ కుటుంబ చరిత్రకు ఎల్‌డీఎల్ 142 ఎక్కువే, దాన్ని తగ్గించే ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టండి. ఈలోగా ఎప్పుడైనా ఛాతీలో బరువు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఆగొద్దు. నార్మల్ రిపోర్టు ఉందని ధీమా పడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.